బాగున్న ఇంజిన్ను ఆపిన రోజు

చండ్రుగొండలో మా ఇంటికి అప్పుడప్పుడు ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు వస్తుంటారు. మిషన్ దవాఖానాలో కంపౌండరుగా చేసిన పెద్దాయన కొడుకు దయాకర్, విమానాల ఇంజనీరుగా పనిచేసి రిటైరయి ఊరికి వచ్చిండని ఎవరో చెప్పి పంపుతారు. వాళ్ళ చేతిలో ఏదో ఇన్‌స్టిట్యూట్ అచ్చువేసిన రంగుల కాగితం ఉంటుంది. దాని మీద విమానం ముందు చేతులు కట్టుకుని నవ్వుతున్న కుర్రవాడి ఫొటో. నా సర్వీసు మొత్తంలో విమానం ముందు చేతులు కట్టుకుని నిలబడే తీరిక ఎవరికీ దొరకగా నేను చూడలేదు.

పిల్లలు ముందు జీతం అడుగుతారు. తర్వాత విమానంలో ఉచితంగా తిరగొచ్చా అని అడుగుతారు. చెప్తాను. ఆ పని లోపల ఎట్లా ఉంటుందని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. తప్పు వాళ్ళది కాదు. ఏం అడగాలో తెలియని వయసు. అందుకే అడక్కపోయినా రాసిపెడుతున్నాను.

నేను పనిచేసింది సర్కారు విమాన సంస్థలో. ఎట్లా చేరాను, ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఎవరిని దాటుకుని పైకి పోయారు, ఇవన్నీ రాస్తే నాకు పొద్దుపోతుంది గానీ మీకు పనికిరాదు. వదిలేస్తున్నాను.

సంతకం అంటే ఏమిటి

మేం విమానం నడపం. విమానం దిగి ఆగిన క్షణం నుంచి మళ్ళీ లేచేదాకా అది మా చేతిలో ఉంటుంది. చుట్టూ తిరిగి చూస్తాం. టైర్లు, బ్రేకులు, రెక్కల అంచులు, ఇంజిన్ లోపల తిరిగే రేకులు, ఎక్కడన్నా నూనె కారుతోందా, పిట్ట తగిలిందా. పైలట్ ఏదన్నా తేడా ఉందని విమానంలో ఉండే లాగ్ పుస్తకంలో రాసి ఉంటే దాని సంగతి చూస్తాం. అన్నీ అయ్యాక, ఇది ఎగరడానికి తగినది అని అదే పుస్తకంలో సంతకం పెడతాం. ఆ సంతకం లేకుండా పైలట్ ఇంజిన్ స్టార్ట్ చేయడు. సంస్థ ఛైర్మనే వచ్చి చెప్పినా చేయడు.

ఈ మాట వినగానే పిల్లల కళ్ళు మెరుస్తాయి. అంత పవర్ ఉంటుందా సార్ అంటారు. ఉంటుంది. దానితోపాటు మే నెల ఎండలో సిమెంటు నేల మీద నిలబడి రెక్క కింద పనిచేయడం ఉంటుంది. వానలో తడిసిన బూట్లతో షిఫ్టు మొత్తం గడపడం ఉంటుంది. నాకిప్పుడు కుడి చెవి సరిగ్గా వినపడదు. ఇంట్లో అందరూ నాతో గట్టిగా మాట్లాడతారు, కొత్తగా వచ్చినవాళ్ళు కొట్లాడుకుంటున్నామని అనుకుంటారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నిజంగా పాడైన విమానం మన ముందుకు రావడం చాలా అరుదు. పాడైతే పని తేలిక. పాడైంది కాబట్టి ఆపుతాం, బాగుచేస్తాం, పంపుతాం. రోజూ ఎదురయ్యేది అనుమానం. ఉద్యోగమంతా దానితోనే.

వర్గీస్ సార్ జేబు

నన్ను తయారుచేసింది వర్గీస్ సార్. కేరళ మనిషి, తెలుగు బాగానే మాట్లాడేవాడు. కేకలు వేసేవాడు కాదు. తప్పు చేసినవాడి పక్కన నిలబడి, వాడే చూసుకునేదాకా మౌనంగా ఉండేవాడు. అది కేకలకంటే కష్టంగా ఉండేది.

నేను ట్రైనీగా ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం పని ముగించి పెట్టెలో సామాన్లు సర్దుతుంటే ఒక చిన్న స్పానర్ తక్కువైంది. స్పానర్ కనపడకపోతే విమానం కదలదు. అది ఇంజిన్ లోపల ఎక్కడన్నా ఉండిపోయిందేమో ఎవరికి తెలుసు. షిఫ్టు అయిపోయినవాళ్ళను కూడా వెనక్కి పిలిచారు. టార్చిలైట్లు పట్టుకుని మేమందరం ఇంజిన్ కింద పాకుతూ వెతికాం. ప్రయాణికులు లోపల కూర్చుని ఉన్నారు. పైనుంచి ఫోన్లు వస్తున్నాయి.

చివరికి వర్గీస్ సార్ లేచి నిలబడి తన ప్యాంటు మోకాలి జేబులో చెయ్యి పెట్టాడు. స్పానర్ అక్కడుంది. ఆయన దాన్ని తీసి అందరికీ కనపడేటట్టు పైకెత్తి పట్టుకున్నాడు. "నా దగ్గరే ఉంది. నేనే పెట్టుకుని మర్చిపోయాను" అన్నాడు. ఆలస్యానికి కారణం తనేనని రిపోర్టు కూడా ఆయనే రాశాడు.

ఆయన అనుకుంటే దాన్ని నెమ్మదిగా చక్రం పక్కన జారవిడిచి, ఇదిగో దొరికిందనొచ్చు. మేం నమ్మేవాళ్ళమే. కానీ మాలో ఒక్కడు చూసినా, ఆ రోజు నుంచి మేమందరం జారవిడవడం నేర్చుకునేవాళ్ళం. పై అధికారులు మనకు నేర్పేది వాళ్ళు చెప్పే మాటల్లో తక్కువే ఉంటుంది. మీరు చేరిన చోట పెద్దవాడు తన పొరపాటును ఏం చేస్తాడో చూడండి. అది చూస్తే ఆ చోట ఉండొచ్చా లేదా తెలిసిపోతుంది.

ఆ ఉదయం

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది చెప్తాను. అప్పటికి నాకు లైసెన్స్ వచ్చి చాలా ఏళ్ళయింది. హైదరాబాద్‌లో పొద్దున షిఫ్టు. గల్ఫ్ నుంచి ఒక విమానం వచ్చి, కాసేపు ఆగి, మళ్ళీ గల్ఫ్ పోవాలి. వచ్చిన పైలట్ పుస్తకంలో ఒక లైను రాశాడు: పైకెక్కేటప్పుడు రెండో ఇంజిన్లో కొద్దిగా వణుకు, తర్వాత మామూలే.

ఇటువంటి లైన్లు మామూలే. రేకులు చూశాను, బాగున్నాయి. రికార్డులో వణుకు గీత ఒకచోట కొంచెం లేచి పడిపోయింది. హద్దు దాటలేదు. ఇక నూనె చూడాలి. ఇంజిన్ నూనె పారే దారిలో చిన్న అయస్కాంతపు ప్లగ్గు ఉంటుంది. నూనెలో ఇనుప రజను ఉంటే దానికి అంటుకుంటుంది. మన ఒంట్లో రక్తం పరీక్ష వంటిదనుకోండి. బూడిదరంగు రజను కొద్దిగా ఉండటం సహజం. రజను కాకుండా మెరిసే పెళ్ళలు కనిపిస్తే, లోపల ఇరుసును మోసే బేరింగ్ పగులుతోందేమోనని అర్థం. బేరింగ్ గాలిలో ఉండగా పోతే ఏమవుతుందో ఇక్కడ రాయక్కర్లేదు.

నేను ప్లగ్గు తీసి చూశాను. రజను ఉంది. దాని మధ్యలో ఒకటి రెండు మెరుస్తున్నాయి. పెళ్ళలు అనడానికి చిన్నవి, రజను అనడానికి పెద్దవి.

వాటిని తుడిచి ల్యాబ్ కోసం సీసాలో వేశాను. ప్లగ్గు బిగించి, ఇంజిన్ను నేలమీదే కాసేపు నడిపించి, మళ్ళీ తీసి చూశాను. మళ్ళీ ఒకటి మెరిసింది. ఇంకా చిన్నది. వణుకు లేదు.

మాన్యువల్ చూస్తే, ఇంత పెద్దవైతే ఆపు, ఇంతకన్నా చిన్నవైతే పంపవచ్చు అని ఉంది. నాకు దొరికినవి చిన్నవాటి కిందికే వస్తాయి. కానీ అక్కడే, వణుకు కూడా ఉంటే ఇంజనీరు తన విచక్షణ వాడాలని ఇంకో వాక్యం ఉంది. ఆ వాక్యం రాసినవాళ్ళు ఎక్కడో చల్లని గదిలో కూర్చుని రాశారు. దాన్ని వాడాల్సినవాడు ఇక్కడ నిచ్చెన మీద ఉన్నాడు.

నేను విమానాన్ని ఆపుతున్నానని పుస్తకంలో రాశాను.

పైవాళ్ళు ఎట్లా అడుగుతారు

మా మెయింటెనెన్స్ మేనేజర్ బక్షీ సార్. ముందు ఫోన్ చేశాడు, తర్వాత స్వయంగా వచ్చాడు. సంతకం పెట్టమని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఈ సంగతి పిల్లలు బాగా గుర్తుపెట్టుకోవాలి. సినిమాల్లో లాగా ఎవరూ బెదిరించరు. "ఎంతసేపు పడుతుంది?" అని అడుగుతారు. ల్యాబ్ రిపోర్టు రేపటికి వస్తుందని చెప్తాం. ఒక పది నిమిషాలు ఆగి మళ్ళీ, "ఎంతసేపు పడుతుంది?" అంటారు. అదే ప్రశ్న, అదే గొంతు. అట్లా అడగ్గా అడగ్గా, ఆగి ఉన్నది విమానం కాదు నువ్వేనని నీకు అనిపించడం మొదలవుతుంది.

బక్షీ చెడ్డవాడు కాదు. ఆయన చేతిలో రెండు ఫోన్లు ఉన్నాయి, రెండూ మోగుతూనే ఉన్నాయి. ఆ విమానం పోకపోతే అటునుంచి రావాల్సినవాళ్ళు రారు, ఆ తర్వాత అదే విమానంలో ఇంకో ఊరు పోవాల్సినవాళ్ళు పోరు. బదులు విమానం మా దగ్గర లేదు. బొంబాయిలో ఒకటి ఉందిగాని ఇచ్చేది లేదన్నారు.

ఆయన షరీఫ్‌ను పిలిపించాడు. షరీఫ్ నాకంటే సీనియర్, ఆ ఇంజిన్ మీద నాకున్న లైసెన్సే ఆయనకూ ఉంది. వచ్చి రెండోసారి తీసిన ప్లగ్గును అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. రికార్డు చూశాడు. నా వైపు తిరిగి, "నేనైతే పంపేవాణ్ణి భాయ్" అన్నాడు.

అయితే నువ్వే సంతకం పెట్టమని బక్షీ ఆయనకు కలం ఇవ్వబోయాడు. షరీఫ్ తీసుకోలేదు. "దయాకర్ మొదటిసారి తీసినప్పుడు ప్లగ్గు ఎట్లా ఉందో నేను చూడలేదు సార్. అది చూసినవాడు వద్దంటున్నాడు. చూడనివాణ్ణి నేనెట్లా పంపుతా" అన్నాడు.

నాతో ఏకీభవించకుండానే నా పక్కన నిలబడ్డ మనిషి ఆయన. అటువంటివాళ్ళు ఒక్కరున్నా ఆ చోట పనిచేయొచ్చు.

గేటు దగ్గర

లోపల టెర్మినల్‌లో అప్పటికే గోల మొదలైంది. మైకులో ఏం చెప్తున్నారంటే, సాంకేతిక కారణాల వల్ల మరో గంట ఆలస్యం అని. ఆ గంట గడిచాక మళ్ళీ ఇంకో గంట. ఇది మా రంగంలో పాత అలవాటు, నేను చూసిన ప్రైవేటు సంస్థల్లో కూడా ఉంది. ఇవాళ పోదని ఒకేసారి చెప్తే జనం వేరే విమానాలకు పోతామంటారు, టిక్కెట్లు మార్చాలి, గదులు ఇవ్వాలి. గంట గంటకూ చెప్తే వాళ్ళు కుర్చీల్లోనే ఉంటారు. దీన్ని నేను ఎప్పుడూ సమర్థించలేదు.

జనం వినడం లేదు, ఇంజనీరు వచ్చి చెప్తే శాంతిస్తారని టెర్మినల్ మేనేజర్ కబురు పెట్టాడు. బక్షీ నన్ను పంపుతూ, పని జరుగుతోంది అని మాత్రం చెప్పమన్నాడు.

గేటు దగ్గర ఉన్నవాళ్ళలో ఎక్కువమంది పనికి పోతున్నవాళ్ళే. కరీంనగర్, నిజామాబాద్ వైపువాళ్ళు. నా బట్టల మీద నూనె మరకలు చూడగానే చుట్టూ మూగారు. నేను వాళ్ళ ముఖాలు చూసి, పని జరుగుతోందని చెప్పలేకపోయాను. అక్కడ జరుగుతున్న పని ఏమీ లేదు. సీసా ల్యాబ్‌కు పోయింది, అంతే.

"ఈ విమానం ఇవాళ పోదు. వేరే దారి చూసుకోగలిగినవాళ్ళు ఇప్పుడే చూసుకోండి" అని చెప్పాను.

ఒక్కసారిగా అందరూ టిక్కెట్ల కౌంటర్ వైపు పరిగెత్తారు. ఒక అమ్మాయి మాత్రం అక్కడే నిలబడింది. ఇరవై దాటి కొన్నేళ్ళుంటాయి. భుజానికి బ్యాగు, చేతిలో ప్లాస్టిక్ కవర్లో కాగితాలు. నా మాటలో యాస పట్టుకుని అడిగింది.

"సార్, మీది మన ఖమ్మం దిక్కేనా?"

చండ్రుగొండ అన్నాను. ఆమె ముఖంలో ధైర్యం వచ్చింది. తన పేరు ఎస్తేరు అని, జూలూరుపాడు అని, తండ్రి ఏసోబు అక్కడి నుంచి కొత్తగూడేనికి జీపు నడుపుతాడని చెప్పింది. నర్సింగ్ చదివింది. గల్ఫ్‌లో ఒక పెద్ద దవాఖానాలో ఉద్యోగం వచ్చింది. ఏజెంటు కాగితాలు ఆలస్యం చేశాడు. ఆ దేశంలో అడుగుపెట్టడానికి ఆమె వీసాకు ఆ రోజే ఆఖరు.

"ఇంజిన్ ఖరాబైందా సార్?" అని అడిగింది.

"తెల్వదమ్మా."

"తెల్వకుండనే ఆపిండ్రా?"

"తెల్వదు కాబట్టే ఆపిన."

మన దిక్కువాడు కదా, ఏదో ఒక దారి చూపిస్తాడని ఆమె ఇంకా నమ్మకంగానే ఉంది. నేను ఆమెను వెంటబెట్టుకుని కౌంటర్ దగ్గరికి పోయాను. వేరే సంస్థ విమానంలో మధ్యాహ్నానికి కొన్ని సీట్లు దొరికాయట. అవి అప్పటికే అయిపోయాయి. ముందు పరిగెత్తినవాళ్ళకు, గట్టిగా అరిచినవాళ్ళకు పోయాయి. ఆమె నాతో మాట్లాడుతూ నిలబడిన ఆ కాసేపట్లోనే పోయాయి.

వీసా గడువు ముగిసేవాళ్ళను ముందు పంపాలి కదా అని టెర్మినల్ మేనేజర్‌తో వాదించాను. సీటు ఇచ్చినవాళ్ళను ఇప్పుడు ఎట్లా దింపమంటావు, నువ్వు నీ ఇంజిన్ సంగతి చూసుకో అన్నాడు. బొంబాయి మీదుగా పంపుదామంటే చేరేసరికి తారీఖు మారుతుంది. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి పాపం చాలాసేపు వెతికింది. దొరకలేదు.

ఎస్తేరు ఏజెంటుకు ఫోన్ చేసింది. ఒకసారి ఎత్తి, చూద్దాం అన్నాడట. తర్వాత ఎత్తలేదు. తండ్రి ఆమెను దింపి వెనక్కి పోతూ సగం దారిలో ఉన్నాడు. ఆయనకు చెప్పింది. ఏడవలేదు. ఫోన్ కవర్లో పెట్టుకుని, "లోపలికి పోయిన పెద్ద బ్యాగు యాడ తీసుకోవాలె సార్?" అని అడిగింది.

నా ఉద్యోగంలో నన్ను ఎందరో తిట్టారు. ఆ ప్రశ్న నిలిచినంతకాలం ఏ తిట్టూ నా మనసులో నిలవలేదు.

ల్యాబ్ చెప్పింది

మర్నాడు రిపోర్టు వచ్చింది. ఆ మెరిసినవి బేరింగ్ ముక్కలు కావు. కొన్నాళ్ళ కింద ఆ ఇంజిన్ పక్కనుండే గేర్‌బాక్స్ మార్చినప్పుడు నూనె గొట్టంలో మిగిలిపోయిన పాత తునకలు. వణుకు ఎందుకొచ్చిందో తేలలేదు, మళ్ళీ రాలేదు. ఇంజిన్ బాగుంది. ఆ ముందురోజు కూడా బాగుంది. విమానం పోయి ఉంటే క్షేమంగా దిగేది.

బక్షీ నన్ను రాతపూర్వకంగా వివరణ అడిగాడు. నేను ఏం చూశానో, ఏం తెలియదో రాసి ఇచ్చాను. ఆ తర్వాత నన్ను విమానాల దగ్గరనుంచి తీసి కొన్ని నెలలు వర్క్‌షాపులో చక్రాల పని మీద వేశారు. శిక్ష అని ఎవరూ అనలేదు. అక్కడ మనుషులు తక్కువున్నారని అన్నారు. షరీఫ్ రోజూ నాతో కలిసి టీ తాగేవాడు. నేను చెప్పాను కదా అనే మాట ఆయన నోటినుంచి ఒక్కనాడూ రాలేదు.

మీలో ఈ పనికి పోయేవాళ్ళకు ఇక్కడ ఒక నిజం చెప్పాలి. విమానం ఆపినవాడికి ఆ తర్వాత రుజువు దొరుకుతుందని, అందరూ వచ్చి చేయి కలుపుతారని అనుకోకండి. ఎక్కువసార్లు ఏమీ దొరకదు. బాగున్నదాన్ని ఆపినవాడిగానే మిగులుతారు. అది మోయలేనివాళ్ళు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. మంచి ఉద్యోగాలు చాలా ఉన్నాయి.

జూలూరుపాడులో

ఆ ఏడు మిర్చి ఏరే రోజుల్లో మా చెల్లెలు కొత్త ఇంటి ప్రార్థన పెట్టుకుంటే సెలవు మీద ఊరికి వచ్చాను. ఒక మధ్యాహ్నం బండి తీసుకుని జూలూరుపాడు పోయాను. క్షమించమని అడగడానికి కాదు. తప్పు చేశానని నేను అనుకోవడం లేదు. ఆ అమ్మాయి నన్ను ఇంజిన్ ఖరాబైందా అని అడిగింది, అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. అది ఆమెకు చెప్పాలనిపించింది.

సెంటర్లో జీపు ఏసోబు అంటే ఇల్లు చూపించారు. ఆయన ఇంటి ముందు జీపు కడుగుతున్నాడు. దారి పక్కన కల్లంలో ఎండుతున్న మిర్చి ఘాటుకు నాకు దగ్గు వచ్చింది.

"వందనాలన్నా" అన్నాను. వందనాలన్నాడు. నేనెవరో చెప్పాను. ఆయన చేతిలో బకెట్ కింద పెట్టాడు గానీ లోపలికి రమ్మనలేదు. కూతుర్ని పిలిచాడు.

ఎస్తేరు వాకిట్లోకి వచ్చింది. కొత్తగూడెంలో ఒక నర్సింగ్ హోంలో చేస్తున్నానని, ఆ రోజు సెలవని చెప్పింది. గల్ఫ్ దవాఖానావాళ్ళు ఆమె చోట వేరే అమ్మాయిని తీసుకున్నారు. నేను నిలబడే రిపోర్టు సంగతి చెప్పాను. ఇంజిన్ బాగుందని, ఆ రోజు పోయినా ఏమీ అయ్యేది కాదని చెప్పాను.

ఏసోబు ముఖం ఎర్రబడింది. "అంటే ఉత్తగనే ఆపిండ్రా? గీ మాట చెప్పనీకి గింత దూరం వచ్చిండ్రా?" అన్నాడు.

నేను అవునన్నాను. చెప్పకపోతే, ఆ రోజు పెద్ద ప్రమాదం తప్పిందని ఆమె అనుకుని ఉండేది. దాంతో ఆమెకు కొంత ఊరట ఉండేదేమో కూడా. కానీ అది అబద్ధపు ఊరట.

ఎస్తేరు తండ్రిని ఆగమంది. నన్ను అడిగింది. "రేపు మళ్ల అట్లనే కనపడితే ఏం జేస్తరు సార్?"

"ఆపుతా."

"నాలాంటిది ఎవరన్నా మళ్ల గేటు కాడ నిలబడి ఉంటది."

"అవ్. ఉంటది."

జీపు మీది నీళ్ళు బొట్లు బొట్లుగా కింద పడుతున్నాయి. ఎస్తేరు వాటివైపు చూస్తూ నెమ్మదిగా అంది. "మీరు చేసింది మంచిదే కావొచ్చు సార్. నా ఉద్యోగం మాత్రం పోయింది. మంచి పనే చేసినం గదా అని దాన్ని మర్చిపోకుండ్రి."

మర్చిపోనని చెప్పాను. ఫోన్ నంబరు ఇచ్చి వచ్చేశాను. ఏసోబు మళ్ళీ బకెట్ అందుకున్నాడు.

ఆమె మాట ఏం చేసింది

మళ్ళీ విమానాల దగ్గరికి వచ్చాక నా పనిలో ఒక మార్పు చేసుకున్నాను. అంతకుముందు విమానం ఆపితే నా బాధ్యత పుస్తకంలో రాయడంతో అయిపోయేది. మిగతాది టెర్మినల్‌వాళ్ళ సంగతి. ఆ తర్వాత ఎప్పుడు ఆపినా, కలం మూయకముందే టెర్మినల్‌కు నేనే ఫోన్ చేసేవాణ్ణి. ఇది ఎప్పటికి తేలుతుందో నాకు తెలిసినంతవరకు నిజం చెప్పేవాణ్ణి. వీసా గడువువాళ్ళు, ఆపరేషన్‌కు పోయేవాళ్ళు, చావుకు పోయేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా, ముందు వాళ్ళను చూడండి అని అడిగేవాణ్ణి. మొదట్లో విసుక్కున్నారు. ఇంజనీరుకెందుకు ఈ పెత్తనం అన్నారు. కొన్నాళ్ళకు ఒకరిద్దరు డ్యూటీ ఆఫీసర్లు నేను అడగకముందే వాళ్ళే చూసి చెప్పడం మొదలుపెట్టారు. సంస్థ మొత్తం మారిందని చెప్పను. మా స్టేషన్‌లో, మా షిఫ్టులో కొంత మారింది. ఒక్కరి ఉద్యోగకాలంలో ఇంతకన్నా ఎక్కువ మార్చినవాళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు.

ఈ రంగంలో ఎక్కడ చూసినా వేగం గురించే మాట్లాడతారు. విమానం నేల మీద ఉన్నంతసేపూ నష్టమే అంటారు. అది నిజమే. కానీ లోపల కూర్చున్నవాళ్ళు ఎవరో, ఎందుకు పోతున్నారో తెలియకుండా పనిచేస్తే ఆపడం కూడా యంత్రంలాగే ఆపుతాం, పంపడం కూడా యంత్రంలాగే పంపుతాం. మీరు నిచ్చెన మీద ఉన్నప్పుడు అప్పుడప్పుడు కిటికీల వైపు చూడండి. లోపలివాళ్ళు మిమ్మల్ని చూస్తూనే ఉంటారు.

ఏసోబు చెప్పింది

ఏడాది దాటాక ఎస్తేరు ఫోన్ చేసింది. వేరే దేశంలో ఉద్యోగం దొరికిందని, ఈసారి ఏజెంటు లేకుండా దవాఖానావాళ్ళే కాగితాలు పంపారని చెప్పింది. వీసాకు ఇంకా చాలా గడువుందని ఆమె ప్రత్యేకంగా చెప్తే ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె పోయేది మా సంస్థ విమానం కాదు. అయినా ఆ రోజు నా షిఫ్టు ముగిశాక టెర్మినల్ ముందుకు పోయాను.

తండ్రీకూతుళ్ళు ట్రాలీ పక్కన నిలబడి ఉన్నారు. ఎస్తేరు వందనాలు చెప్పి, క్లుప్తంగా ప్రార్థన చేసుకుని, తండ్రి భుజం పట్టుకుని ఒక నిమిషం నిలబడి, లోపలికి పోయింది. అద్దాల అవతల ఆమె వరుసలో కలిసేదాకా ఏసోబు చూస్తూనే ఉన్నాడు. నేను పక్కన నిలబడ్డాను. జూలూరుపాడులో చూసినప్పటికంటే మనిషి కొంచెం తగ్గినట్టనిపించాడు.

జీపు ఎక్కడ పెట్టావన్నా, ఇక్కడ ఎక్కువసేపు పెట్టనివ్వరు అని అడిగాను.

"జీపు తేలే" అన్నాడు. కళ్ళు ఇంకా అద్దాల వైపే ఉన్నాయి. "కొత్తగూడెం దాక వచ్చినం. బ్రేకు తొక్కితే కాలుకు ఎట్లనో అనిపిచ్చింది. మెకానిక్‌కు చూపిస్తే ఏం లేదు, బాగనే ఉంది పో అన్నడు."

"మరి?"

"పిల్ల ఉన్నది గదా బండిల" అన్నాడు ఏసోబు. "ఆడనే ఇడిచిపెట్టి బస్సుల వచ్చినం."